ఇంటిల్లిపాదికీ ఒక కంప్యూటరు

ఈ రోజు మనం మాట్లాడుకోబోయే విషయం ఏ సిలబస్‌లోనూ లేదు. కాని మీలో చాలామందిని ఏదో ఒక రోజు మీ అమ్మానాన్నలు పిలిచి, "కంప్యూటరు కొందామనుకుంటున్నాం, ఏది తీసుకోమంటావు?" అని అడుగుతారు. ఫ్రిజ్ కొనేటప్పుడు, కుట్టు మిషను కొనేటప్పుడు మిమ్మల్ని అంతగా అడగరు. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మీకు తెలుసని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వెనక చీటీ పాడి తెచ్చిన డబ్బో, ఏడాదిపాటు కూడబెట్టిన ఓవర్‌టైమ్ సొమ్మో ఉంటుంది. అందుచేత ఆ ప్రశ్నకు జవాబు ముందే కొంత ఆలోచించి పెట్టుకోవాలి.

మా ఇంట్లో ఆ ప్రశ్న 2002లో వచ్చింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా చెల్లెలు పాలిటెక్నిక్‌లో చేరింది. నాన్నగారు ప్రావిడెంట్ ఫండ్ నుంచి అప్పు తీసి 36,000 రూపాయలు నా చేతికిచ్చారు. దుకాణంలో నేను అడిగింది ఒకటే: "పెంటియం 4 ఉందా?" ఉందన్నారు. దాంతోపాటు మోకాలెత్తు స్పీకర్లు కూడా ఇచ్చారు. మెమొరీ మాత్రం 128 మెగాబైట్లే వేశారు. విండోస్ ఎక్స్‌పీ దాని మీద ఎడ్లబండిలా నడిచేది. యు.పి.ఎస్. తరువాత తీసుకోవచ్చన్నారు, సరే అన్నాను. బిల్లు లేకపోతే పన్ను మిగులుతుందన్నారు, దానికీ సరే అన్నాను.

ఆ వర్షాకాలంలోనే ఒక సాయంత్రం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. మర్నాడు పెట్టె వెలగలేదు. పవర్ సప్లైతోపాటు మదర్‌బోర్డు కూడా కాలిపోయిందని తేల్చారు. బిల్లు లేదు కనుక వారంటీ లేదు. మళ్లీ డబ్బు సర్దడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ మా చెల్లెలు గంటకు ఇంతని ఇచ్చి నెట్ సెంటర్‌లో ప్రాక్టికల్స్ చేసుకుంది. చీకటి పడ్డాక అమ్మ పంపేది కాదు. సగం రికార్డు స్నేహితురాలి ఇంట్లో, వాళ్లకు వీలైన వేళల్లో పూర్తి చేసింది. తప్పు చేసింది నేను, నష్టపోయింది తను. అందుకే ఈ విషయం మీద మాట్లాడమనగానే ఒప్పుకున్నాను.

ఇప్పుడు ఇంటింటా ఫోన్లున్నాయి కదా, కంప్యూటరు ఎందుకని మీరు అడగవచ్చు. 2020లో బడులు మూతపడినప్పుడు చాలా ఇళ్లలో పాఠాలన్నీ ఫోను మీదే సాగాయి. పాఠం వినడానికి ఫోను చాలు. కాని పది పేజీల ప్రాజెక్టు రాయడానికి, పట్టిక వేసి లెక్క కట్టడానికి, ప్రోగ్రామ్ రాసి తప్పులు దిద్దుకోవడానికి కీబోర్డు కావాలి, పెద్ద తెర కావాలి. ఇంకొక సంగతి. 2018 నాటికి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎంసెట్ కంప్యూటరు మీద రాసే పరీక్షగా మారింది. మౌస్ పట్టుకోవడం పరీక్ష హాలులోనే మొదటిసారి జరిగితే, ఆ విద్యార్థి తనకు వచ్చిన లెక్క మీద కాక మౌస్ మీద మనసు పెట్టవలసి వస్తుంది.

జాతీయ గణాంక కార్యాలయం 2017 జూలై నుంచి 2018 జూన్ వరకు జరిపిన 75వ దఫా సర్వేలో, గ్రామాల్లో 4.4 శాతం కుటుంబాలకు, పట్టణాల్లో 23.4 శాతం కుటుంబాలకు మాత్రమే ఇంట్లో కంప్యూటరు ఉందని తేలింది. ట్యాబ్లెట్లను కూడా కంప్యూటర్ల కిందే లెక్కిస్తే వచ్చిన సంఖ్యలివి. బడులు మూతపడడానికి రెండేళ్ల ముందు మన దేశం ఉన్న స్థితి అది.

ఈ లోటు తీర్చడానికి ప్రయత్నాలు జరగకపోలేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ అధ్యాపకులు, ఎన్‌కోర్ సంస్థ ఇంజనీర్లు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటరును రూపొందించారు. అది 2004లో మార్కెట్లోకి వచ్చింది. 2005లో నికొలస్ నెగ్రొపాంటె పిల్లలందరికీ 100 డాలర్ల లాప్‌టాప్ ఇస్తామని ప్రకటించారు. 2007 చివర తయారీ మొదలయ్యేసరికి దాని ధర 200 డాలర్లకు దగ్గరపడింది. మన దేశంలోనే 2005లో పదివేల రూపాయల లోపు డెస్క్‌టాప్‌లు ప్రకటించారు, విండోస్ బదులు లినక్స్ వేసి. ఆ తరువాత ఆకాశ్ వచ్చింది.

ఆకాశ్ గురించి కాస్త ఆగి చెప్పాలి. 2011 అక్టోబరు 5న అప్పటి కేంద్ర మానవ వనరుల మంత్రి కపిల్ సిబల్ ఢిల్లీలో దానిని విడుదల చేశారు. డేటావిండ్ కంపెనీది. హైదరాబాదులోనే విడిభాగాలు కూర్చి తయారుచేశారు. ప్రపంచంలోకెల్లా చవక ట్యాబ్లెట్ అని పత్రికలన్నీ రాశాయి. లోపల ఉన్నది 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 మెగాబైట్ల మెమొరీ. తెర వేలితో తాకితే కాదు, గట్టిగా నొక్కితే పలికేది. మరుసటి ఏడాది నవంబరులో వచ్చిన ఆకాశ్-2లో ప్రాసెసర్ వేగం, మెమొరీ పెంచి తెర మార్చారు. అంటే మొదటిదానిలో ఏది తక్కువైందో తయారీదారులకే తెలిసింది. ఈ ప్రయత్నాలను వెక్కిరించడం సులువు. నేను వెక్కిరించను, అవి చేసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే చేశారు. కాని వాటన్నిటిలో ఒక పోలిక కనిపిస్తుంది. ముందు ధర రాసుకున్నారు, ఆ ధరలో ఇమడడానికి ఒక్కొక్క భాగమే కోసుకుంటూ పోయారు. చివరికి కోత పడింది విద్యార్థి చేయవలసిన పనికే.

కుటుంబానికి చవక వేరు, అందుబాటు వేరు. ఒక చిన్న లెక్క చూడండి. 9,000 రూపాయల వస్తువు ఏడాదిన్నరలో పనికిరాకుండా పోతే నెలకు 500 రూపాయలు పడింది. 20,000 రూపాయల వస్తువు ఆరేళ్లు పనిచేస్తే నెలకు 278 రూపాయలు పడింది. కాబట్టి దుకాణంలో అడగవలసినది "ఎంత?" అన్నది మాత్రమే కాదు, "ఎన్నాళ్లు?" అని కూడా. ఎన్నాళ్లు అన్నది మూడు నాలుగు భాగాల మీద ఆధారపడి ఉంటుంది. అవి చూపించడానికే నా ముందు ఈ పెట్టె పెట్టుకున్నాను.

చూశారుగా, పెద్ద నిఘంటువు అంత ఉంది. ఇది ఒక ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి బయటికి వచ్చిన కంప్యూటరు. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లకొకసారి యంత్రాలన్నీ ఒకేసారి మార్చేస్తాయి. పాతవాటిని కొన్నవాళ్లు శుభ్రం చేసి, పాడైన భాగాలు మార్చి అమ్ముతారు. వీటినే రిఫర్బిష్డ్ అంటున్నారు. తక్కువ డబ్బుతో కొనే కుటుంబానికి, నా లెక్కలో, కొత్త చవక లాప్‌టాప్ కంటే ఇలాంటి పాత ఆఫీసు పెట్టె మేలు. ఎందుకో మూత తీసి చూద్దాం.

ఇది ప్రాసెసర్. దుకాణంలో "ఐ5 అండీ, ఐ7 అండీ" అని చెబుతారు. అది సగం మాటే. ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్పు మీద ఐ5-8500 అని ఉందనుకోండి. అడ్డగీత తరువాత నాలుగు అంకెలుంటే మొదటి అంకె, అయిదు అంకెలుంటే మొదటి రెండు అంకెలు దాని తరాన్ని చెబుతాయి. 8500 ఎనిమిదో తరం, 10400 పదో తరం. లాప్‌టాప్ చిప్పుల్లో 1035, 1135 లాంటి సంఖ్యలు పది, పదకొండు తరాలవి, అక్కడ మోసపోకండి. 2012 నాటి మూడో తరం ఐ7 కంటే 2018 నాటి ఎనిమిదో తరం ఐ5 మేలైనది. పేరు పెద్దదని పాత తరాన్ని అంటగట్టడం మామూలుగా జరిగే పని. 2002లో నన్ను పడగొట్టింది కూడా పేరే కదా.

ఎనిమిదో తరమే ఎందుకంటే, విండోస్ 11 ఇంటెల్ చిప్పుల్లో దాదాపుగా ఆ తరం నుంచే అధికారికంగా ఎక్కుతుంది. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. దాంతో ఆఫీసుల నుంచి ఆరో తరం, ఏడో తరం యంత్రాలు చాలా బయటికి వచ్చాయి. వాటి ధర తక్కువ. పనికిరానివని అనను. ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి లినక్స్ వ్యవస్థలు వాటి మీద చక్కగా నడుస్తాయి. డబ్బు పెట్టనక్కరలేదు. లిబ్రే ఆఫీస్‌లో వ్యాసం రాయవచ్చు, లెక్కల పట్టిక వేయవచ్చు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ లినక్స్‌లోనూ దానితోపాటే వస్తుంది, విడిగా కొననవసరం లేదు. అయితే మీ కాలేజీలో ఫలానా సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అంటే, అది లినక్స్ మీద నడుస్తుందో లేదో కొనకముందే అడిగి తెలుసుకోండి. దొంగ విండోస్ వేసి ఇస్తామంటే మాత్రం వద్దనండి. తాళం పగలగొట్టి ఇచ్చేవాడు దానితోపాటు ఇంకేం లోపల పెట్టాడో మనకు తెలియదు. అదే కంప్యూటరులో రేపు మీ నాన్నగారి బ్యాంకు పాస్‌వర్డు కొడతారు.

ఈ పచ్చ పలకలు మెమొరీ, అంటే ర్యామ్. మెమొరీని మీరు రాసుకునే బల్ల అనుకోండి, డిస్కును పుస్తకాల బీరువా అనుకోండి. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తెరవడానికి ఇంకొకటి బీరువాలో పెట్టి రావాలి. ఆ తిరుగుడులోనే సమయమంతా పోతుంది. ఈనాటి బ్రౌజర్‌కు, దాని పక్కన ఒక వీడియో పాఠానికి, ఒక వ్యాసానికి 4 జీబీ ఇరుకు. 8 జీబీ ఉండాలి, ఇంకొక పలక పెట్టుకోవడానికి ఖాళీ గాడి ఉంటే ఇంకా మంచిది. పాత యంత్రాల్లోని డీడీఆర్3 పలక డీడీఆర్4 గాడిలో పట్టదని గుర్తుంచుకోండి. 2025 చివరి నెలల్లో మెమొరీ ధరలు ప్రపంచమంతటా బాగా పెరిగాయి. తరువాత వేయించుకుందాంలే అనుకుంటే ఆ తరువాత ఎంతవుతుందో చెప్పలేం.

ఇక బీరువా. పాత హార్డ్‌డిస్కులో ఒక పళ్లెం నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంది. మీకు కావలసిన సమాచారం ఉన్న చోటికి సూది వెళ్లాలి, ఆ చోటు సూది కిందికి రావాలి. ఒక్కొక్కసారికి దాదాపు 10 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు వంద చోట్లు చదవగలదు. ఎస్.ఎస్.డి.లో తిరిగే భాగమే లేదు, సెకనుకు వేల చోట్లు చదువుతుంది. పాత కంప్యూటరు నిద్రమత్తుగా ఉందంటే నూటికి తొంభైసార్లు తప్పు డిస్కుదే, ప్రాసెసర్‌ది కాదు. 256 జీబీ ఎస్.ఎస్.డి. వేయించండి. ఫొటోలు, సినిమాలు దాచుకోవడానికి పాత హార్డ్‌డిస్కును దాని పక్కన ఉంచుకోవచ్చు. అదే కొత్త చవక లాప్‌టాప్‌లలో 4 జీబీ మెమొరీ, 64 జీబీ నిల్వ బోర్డుకే టంకం వేసి అతికించినవి ఉంటాయి. విండోస్ అప్‌డేట్లు నాలుగు వచ్చేసరికి ఆ చోటు నిండుతుంది. విప్పి పెంచుకోవడానికి వీలుండదు. పైకి మెరుస్తూ ఉంటాయి, జాగ్రత్త.

లాప్‌టాప్ అసలు వద్దా అంటే, హాస్టల్లో ఉండేవాళ్లకు అదే కావాలి. ఇంట్లో నలుగురు వాడుకునేదానికి మాత్రం డెస్క్‌టాపే నయం. కీబోర్డు పాడైతే కొన్ని వందలతో కొత్తది వస్తుంది. లాప్‌టాప్‌లో అదే పనికి మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. గేముల సంగతి నేను ఎత్తలేదని మీలో కొందరు అనుకుంటున్నారని నాకు తెలుసు. పెద్ద గేములకు వేరే గ్రాఫిక్స్ కార్డు కావాలి, దాని ఖరీదు ఈ మొత్తం పెట్టెను మించుతుంది. ఆ ఖర్చు చదువు ఖాతాలో రాయకండి.

మానిటర్ సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోవచ్చు. ఇంట్లో టీవీకి హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రం ఉంటే దానికే తగిలించవచ్చని చెబుతారు. నిజమే, పనిచేస్తుంది, సీరియల్ వేళ వరకు.

విద్యుత్తు గురించి నా అనుభవం విన్నారు. 600 వీ.ఏ. యు.పి.ఎస్. పది పదిహేను నిమిషాలు నిలబెడుతుంది, చేస్తున్న పని దాచుకుని సక్రమంగా ఆపడానికి అది చాలు. దాని బ్యాటరీ రెండు మూడేళ్లకొకసారి మార్చాలి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక చూడండి. చాలావాటికి యు.పి.ఎస్. మోడ్ అనే స్విచ్చు ఉంటుంది. అది వేయకపోతే కరెంటు మారే క్షణంలో కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవుతుంది. మూడు పుల్లల ప్లగ్గులో మూడోదాన్ని వంచేసి గుచ్చేవాళ్లను చూశాను. ఆ మూడోది ఎర్తింగ్, దానికి పని ఉంది. కరెంటు ఖర్చు కూడా చెబుతాను. మానిటర్‌తో కలిపి 100 వాట్లు తినే పాత పెద్ద డెస్క్‌టాప్ రోజుకు నాలుగు గంటలు వాడితే నెలకు 12 యూనిట్లు. ఈ చిన్న పెట్టె మానిటర్‌తో కలిపి 40 వాట్లు తీసుకుంటే అదే వాడకానికి అయిదు యూనిట్ల లోపు.

ఎక్కడ కొనాలి? ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, ముంబయిలో లామింగ్టన్ రోడ్డు, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్డు, సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఇవి పేరున్న బజార్లు. ఒకే వస్తువుకు నాలుగు దుకాణాల్లో ధర అడగవచ్చు. కాని మీ ఊరు అక్కడికి రెండు వందల కిలోమీటర్లుంటే, చెడిపోయినప్పుడు మళ్లీ ఎవరు మోసుకెళ్తారు? మీ జిల్లా కేంద్రంలో ఆరు నెలల వారంటీ రాసి ఇచ్చే దుకాణం ఉంటే వెయ్యి రూపాయలు ఎక్కువైనా అక్కడే తీసుకోండి.

వెళ్లేటప్పుడు ఒక పెన్ డ్రైవ్ పట్టుకెళ్లండి. పెట్టెను మీ ఎదురుగా ఆన్ చేయించండి. వెలగగానే పాత కంపెనీ పాస్‌వర్డు అడిగితే అక్కడితో ఆపేయండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్కు ఎన్ని గంటలు పనిచేసిందో, ఆరోగ్యం ఎలా ఉందో చూడవచ్చు. యు.ఎస్.బి. రంధ్రాలన్నిటిలో పెన్ డ్రైవ్ పెట్టి చూడండి. అరగంట వీడియో నడిపించండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

బిల్లు సంగతి. కంప్యూటరు మీద జి.ఎస్.టి. 18 శాతం. 20,000 మీద 3,600 రూపాయలు. "బిల్లు లేకపోతే ఇది మిగులుతుంది" అన్న మాట ఈనాటికీ వినిపిస్తుంది. మిగిలేది నిజమే. కాని వస్తువు మీద క్రమసంఖ్య రాసిన బిల్లు చేతిలో లేకుండా వారంటీ అడగలేరు. బిల్లు ఉండి కూడా దుకాణం వారు మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

2024 ఫిబ్రవరిలో మా వీధిలోని ఒక కుటుంబానికి నేను తోడు వెళ్లాను. తండ్రి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా, తల్లి ఇంట్లోనే జాకెట్లు కుడతారు. అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. చేతిలో 20,000 రూపాయలున్నాయి. ఇలాంటి ఎనిమిదో తరం పెట్టె, 8 జీబీ మెమొరీ, 256 జీబీ ఎస్.ఎస్.డి.తో 13,500. వాడిన 19 అంగుళాల మానిటర్ 2,800. యు.పి.ఎస్. 2,900. కీబోర్డు, మౌస్ 700. మొత్తం 19,900. ఇప్పుడు ఈ ధరలే ఉండవు, మెమొరీ ధరల సంగతి ఇందాకే చెప్పాను. ఏ భాగానికి ఎంత వాటా పోయిందో చూసుకోవడానికి మాత్రం ఈ లెక్క పనికివస్తుంది.

కొనడం అయ్యాక అసలు తగాదా మొదలైంది. అబ్బాయి బడి నుంచి రాగానే కూర్చుని లేవడం లేదు. అమ్మాయికి వంటింటి పనులు తెమిలేసరికి తొమ్మిదిన్నర అవుతోంది, అప్పటికి దీపాలు ఆర్పమంటున్నారు. వారం చూసి తల్లే ఒక కాగితం మీద వేళలు రాసి గోడకు అంటించారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర అమ్మాయికి, ఆ సమయంలో వంటింట్లో సాయం అబ్బాయిది. అబ్బాయికి బడి నుంచి వచ్చాక ఒక గంట, ఆదివారం రెండు. ముగ్గురికీ మూడు వేరు ఖాతాలు తెరిచి పెట్టాను. ఒకరి ఫైళ్లు ఇంకొకరు చెరపడానికి వీల్లేదు. కంప్యూటరు ముందు గదిలోనే ఉంది, పడకగదిలో కాదు.

మూడో ఖాతా ఎవరిదని మీరు అడగవచ్చు. కాగితం మీద చివరి వరుసలో "మధ్యాహ్నం 2 నుంచి 3 - అమ్మ" అని ఉంది. ఆవిడ తెలుగులో టైపు చేయడం నెల రోజుల్లో నేర్చుకున్నారు. జాకెట్లకు ఇచ్చేవాళ్ల కొలతలు, తేదీలు, రావలసిన బాకీలు ఒక పట్టికలో రాసుకుంటున్నారు. మొన్న కనిపించినప్పుడు, బాకీ ఉన్నవాళ్ల పేర్లు మాత్రమే విడిగా కనబడేలా చేయడం ఎలాగండీ అని అడిగారు. ఫిల్టర్ పెట్టడం చూపించి వచ్చాను.